పంజాగుట్ట ఆసుపత్రిలో నా సంతకం

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే పక్కగదిలోకి వెళ్లిపోయే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. నాకు జరిగింది తలుచుకుంటే భయం వేయదు, ఒళ్లు మండుతుంది.

అమీర్‌పేటలో గల్లీకో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ వెలుస్తున్న రోజులవి. నేనూ మా ఆయన రవీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో కొత్తగా చేరాం. మాది తెనాలి వైపు. నర్సయ్య గారింట్లో పైవాటాలో అద్దెకుండేవాళ్లం. ఆయన సిరిసిల్ల నుంచి వచ్చి స్థిరపడిన టైలరు. కింద ముందుగదిలోనే మిషను పెట్టుకుని కుట్టేవారు. ఆయన భార్య ఆండాళమ్మ గారు. వాళ్లకి పిల్లలు లేరు.

పెళ్లయిన రెండేళ్లకి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. కొచ్చి వెళ్లాం. చైనా వలలు, పాత చర్చి, యూదుల వీధి, మట్టంచేరి ప్యాలెస్... నాలుగు రోజులు కాళ్లు నొప్పి పుట్టేలా తిరిగాం. ఇక్కడ ఇంటికి తాళం వేశాం. రెండు తాళంచెవులూ మా దగ్గరే ఉన్నాయి.

తిరిగొచ్చి ఆటో దిగుతుంటే ఆండాళమ్మ గారు ఎదురొచ్చి నా చేతులు పట్టుకున్నారు.

"నువ్వు లేకుంటే మా ఆయన నాకు దక్కకపోతుండె బిడ్డ," అని ఏడ్చేశారు.

గురువారం పొద్దున పది గంటలకు ఆమె ఎర్రగడ్డ రైతుబజారుకు వెళ్లారట. మిషను దగ్గర నర్సయ్య గారికి గుండెనొప్పి వచ్చింది. నేను మేడ దిగి వచ్చి, ఆయన్ని ఆటోలో పంజాగుట్ట తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో చేర్చానట. కబురు తెలిసి ఆమె పరుగెత్తుకొస్తే, గంటసేపు పక్కనే కూర్చుని, తర్వాత వెళ్లిపోయానట.

"గురువారం మేం కొచ్చిలో ఉన్నాం ఆంటీ," అన్నాను.

"ఊరికి పోలేదా అని ఆస్పత్రిల అడిగితే, పోలేదు ఆంటీ అని నువ్వే అంటివి గదా."

కంగారులో ఎవరినో చూసి నేననుకుని ఉంటారని సరిపెట్టుకున్నాను. కానీ ఎదురుగా ఇస్త్రీ బండి పెట్టుకునే ఆమె కూడా నన్నే చూశానంది. నేను పసుపు చుడీదార్‌లో ఉన్నానని కూడా చెప్పింది. ఆ చుడీదార్ కొచ్చిలో నా ఒంటి మీద ఉంది. ఫొటోలు కడిగించి తెచ్చాను. చైనా వలల ముందు నేను, అదే చుడీదార్, కింద మూలన గురువారం తారీఖు.

ఆండాళమ్మ గారు ఫొటో చూసి పక్కన పెట్టేశారు. "మా తోని ఏమన్న తప్పయిందా? చేసింది కాదని ఎందుకంటవు?" అన్నారు. ఆమె ముఖం చిన్నబోయింది.

పక్కింటావిడ అయితే ఇంకో అడుగు ముందుకేసింది. "మరి మీ ఆయన ఎంబడి కొచ్చికి పోయింది ఎవరు?" అంది.

ఇక ఊరుకోలేక రవిని వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్‌లో గట్టిగా అడిగితే అడ్మిషన్ కాగితం తీసి చూపించారు. నా పేరు, నా సంతకం. చివర్న నేను గీసే అడ్డగీతతో సహా ఉంది. దాని కింద తెనాలిలో మా అమ్మావాళ్ల ఫోన్ నంబరు. అది నర్సయ్య గారింట్లో ఎవరికీ తెలియదు.

"మీరే గదా మేడం రాసిండ్రు," అన్నాడు కౌంటర్‌లో మనిషి.

అప్పటిదాకా నవ్వులాటగా తీసుకున్న రవి ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బండి ఆపి వెనక్కి తిరిగాడు. "నువ్వు నిజంగా నాతోనే ఉన్నావు కదా?" అన్నాడు. అన్నిటికన్నా నన్ను మండించింది ఆ ప్రశ్న. నాలుగు రోజులు నా చెయ్యి వదలకుండా తిరిగిన మనిషి అడిగాడు ఆ మాట. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

ఆ తర్వాత ఏడాదిపాటు పండగ పూట పాయసం, నాకు ఊరికే కుట్టిచ్చిన జాకెట్లు, గల్లీలో అందరి ముందూ పొగడ్తలు. కాదన్న ప్రతిసారీ ఆ ముసలివాళ్లు నొచ్చుకునేవారు. చివరికి కాదనడం మానేశాను. చెయ్యని పనికి దణ్ణాలు పెట్టించుకోవడం ఎంత అవమానంగా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు.

మేం ఇల్లు మారే రోజున సామాను లారీలో ఎక్కిస్తుంటే నర్సయ్య గారు నన్ను మిషను దగ్గరికి పిలిచారు.

"ఆటోల నా చెయ్యి పట్టుకొని ఒక మాట చెప్పినవు. గా మాట పట్టుకొనే బతికిన. పోయే ముందు ఇంకొక్కసారి చెప్పు బిడ్డ."

"ఏం చెప్పాను అంకుల్?" అని అడిగాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. "మరిస్తివా?" అన్నారు. అంతే, తల వంచుకుని కుట్టుపనిలో పడ్డారు. మళ్లీ నా వైపు చూడలేదు.

అది ఎవరో, ఎలా జరిగిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. కానీ వచ్చిందెవరైనా, నా పేరు పెట్టుకుని, నా గొంతుతో ఆయన్ని బతికించిన ఆ ఒక్క మాట ఏమిటో నాకు కూడా చెప్పి పోవాల్సింది.