స్టాంపుకు పోయిన బిందె

నా చిన్నప్పుడు తెలకపల్లి దగ్గరి మా ఊళ్లో పెద్దమనుషులు జరిమానా వేస్తే, చేతిలో డబ్బు లేనివాళ్లు ఇత్తడి బిందె తెచ్చి పంచాయితీలో కుదువ పెట్టేవాళ్లు. పైకం చేతికొచ్చాక విడిపించుకునేవాళ్లు. మా అమ్మకు తెలిసిన చట్టం అంతే.

పొలం గట్టు తగాదాలో పాలివాణ్ని, అంటే దాయాదిని, కట్టెతో కొట్టాడని మా నాయన మీద కేసు పడింది. తీర్పు రోజు అమ్మ ఇంట్లో ఉన్న ఒక్క బిందెనూ నెత్తిన పెట్టుకొని, నన్ను వెంటబెట్టుకొని నాగర్‌కర్నూల్ కోర్టుకు వచ్చింది. జరిమానా, కట్టకపోతే నెల రోజులు జైలు అన్నారు. అమ్మ గబగబా వెళ్లి జడ్జిగారి ముందు బిందె పెట్టింది. కోర్టంతా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది. సాయంత్రం కోర్టు లేచేలోపు డబ్బు కట్టకపోతే నాయనను జైలుకు తీసుకుపోతామని పోలీసులు చెప్పారు.

బయట ఒకడు తగులుకున్నాడు. గడువు కోసం అర్జీ రాస్తానన్నాడు. "స్టాంపు లేకుంటే అర్జీ తీస్కోరమ్మా, జల్ది కానియ్" అని తొందరపెట్టాడు. అమ్మ బిందె ఇచ్చేసింది. స్టాంపు తెస్తానని పోయినవాడు, వాని నోట్ల మన్నువడ, మళ్లీ రాలేదు. పొద్దు వాలింది. అమ్మ మెట్ల మీద కూలబడి, "మీ నాయిన్ని తీస్కపోతున్రు బిడ్డా, ఇగ నేనేం జెయ్యాలె" అని గుండెలు బాదుకుంది. నేను ఆమె కొంగు పట్టుకొని ఏడ్చాను.

పొద్దున నవ్వనివాడు ఒక్కడే, కోర్టు బంట్రోతు. ముసలాయన. మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"స్టాంపేంది చెల్లె? పోలీసుల చేతిల ఉన్నోని అర్జీకి స్టాంపు ఫీజు లేదు. సర్కారు చట్టంలనే ఉన్నది. గడువు అడిగితె జడ్జి ఇయ్యొచ్చు. అడగకుంటె ఎవలిస్తరు?"

కోర్టు లేచేలోపే తెల్ల కాగితం మీద ఆయనే రాసి, నాయనతో వేలిముద్ర వేయించాడు. జడ్జిగారు చదివి, పూచీకత్తు రాయించుకొని, నెల రోజుల గడువు ఇచ్చారు. స్టాంపు ఊసే ఎత్తలేదు.

నాయన మాతో ఇంటికొచ్చాడు. బిందె రాలేదు. దారి పొడుగునా అమ్మ చెయ్యి ఊరికే నెత్తి మీదికి పోతూనే ఉంది.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఏ ఆఫీసులో ఎవరు ఫీజు అడిగినా, ఏ రూలు ప్రకారమో చూపించమంటాను, రసీదు ఇమ్మంటాను. వెనక నిలబడ్డవాళ్లు విసుక్కుంటారు, నవ్వుతారు. నవ్వనీ. చూపించేదాకా కొంగుముడి విప్పను. ఆ ఒక్క మాట అడగడం తెలియకనే మా అమ్మ బిందె పోయింది.