నాయన కంట్లో నా పాలు

నా కొడుకు పుట్టి రెండు నెలలయిందో లేదో, నాయన ఎడమ కన్ను ఎర్రబడింది. కాన్పుకు వచ్చిన నేను కార్వేటినగరం దగ్గర మా పల్లెలోనే ఉన్నాను. బెల్లం కాచే రోజులు. పొయ్యి పొగ వల్లే అన్నాడు నాయన, మేమూ నమ్మాం. మా ఇళ్ళలో కన్ను ఎర్రబడితే ఒకటే మందు, బాలింత చనుబాలు. ఊరంతా వెతుక్కునే పని లేకుండా ఇంట్లోనే బాలింత ఉందని అమ్మ సంబరపడింది.

పొద్దున్నే ఉగ్గుగిన్నెలో పాలు పిండి, వాకిట్లో నాయన తల ఒళ్ళో పెట్టుకుని, దూదితో రెండు చుక్కలు వేసేదాన్ని. చిన్నప్పుడు ఆయన నా దగ్గర అంతసేపు కూర్చున్నది లేదు. ఎప్పుడూ చెరకు, గానుగ, పాకం. ఇప్పుడు ఒక కన్ను మూసుకుని, రెండో కంటితో నా మొహం చూస్తూ కబుర్లు చెప్పేవాడు. నా చిన్నతనంలో చంద్రగిరి కోట చూపిస్తానని చెప్పి నన్ను ఎద్దుల బేరానికి తీసుకెళ్ళిన సంగతి అప్పుడే ఒప్పుకున్నాడు.

నెల గడిచేసరికి నొప్పి ముదిరింది. వెలుతురు ఓర్చుకోలేక తలమీద తుండుగుడ్డ కప్పుకునేవాడు. చూపుతోనే పాకం పదును చెప్పే మనిషి ఒకరోజు పాకం మాడబెట్టాడు. అప్పుడు తిరుపతికి తీసుకెళ్ళాం.

నల్లగుడ్డు అంచును పుండు నెలవంకలా తినేసినట్టు ఉందని చెప్పింది డాక్టరమ్మ. అరుదైన జబ్బట. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే కంటిమీద పడుతుందట. కీళ్ళవాతం ఉందేమోనని రక్తపరీక్షలు చేయించింది. గంటగంటకూ చుక్కల మందు, మాత్రలు. అయినా పుండు ఆగకపోతే, దాని పక్కనున్న తెల్లపొర కొంత కత్తిరించి, పలచబడ్డచోట జిగురు పెట్టి, పైన మెత్తని లెన్సు వేసింది. కన్ను దక్కుతుందని మాత్రం మాట ఇవ్వలేదు.

ఆస్పత్రికి రాకముందు కంట్లో ఏమైనా వేశారా అని డాక్టరమ్మ అడిగినప్పుడు నేను ఒళ్ళో బిడ్డను సర్దుకున్నాను.

"నీళ్ళు కొట్టుకుంటినమ్మా, అంతే," అన్నాడు నాయన. అడిగిన ప్రతిసారీ అదే జవాబు.

కన్ను దక్కింది. అంచున తెల్లమచ్చ మిగిలింది. అద్దాలు పెట్టినా అక్షరాలకు నీడలు కనిపిస్తాయట. ఏడాది తర్వాత ఒకసారి కన్ను చూపించడానికి తిరుపతి వెళ్ళినప్పుడు, ఉండబట్టలేక డాక్టరమ్మకు నేనే నిజం చెప్పేశాను. జబ్బు పాల వల్ల రాలేదు గానీ, పుండున్న కంట్లో అవి వేయకూడదంది డాక్టరమ్మ. ఆ నెల పోగొట్టుకోకుండా వచ్చుంటే చూపు ఇంకాస్త మిగిలేదని కూడా అంది.

తిరుగు బస్సులో ఏడుపు ఆపుకోలేకపోయాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏడవద్దమ్మా. గానుగ కాడుండే నాకు బిడ్డను దగ్గిర్నించి సూసే తీరిక యాడుండాది? ఆ నెల సూసినాను. నాకు సాలు."

ఆ వాకిలి తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది. ఆ పొద్దులు మళ్ళీ కావాలనీ ఉంటుంది.