చబుత్రా కింద పసుపు, ఆకుపచ్చ

"రాసుకోండ్రి సారూ, మా నాయిననే కట్టిండు!" అనేశాను. మున్సిపాలిటీ నుంచి టేపు పట్టుకొచ్చిన సారు అప్పటికే మా గుమ్మం నుంచి ఎదురుగా ఉన్న పార్కు గోడ దాకా కొలిచి, కాగితం మీద ఏదో గీస్తున్నాడు. నేను ఆగితేగా. "ఒక్కొక్క రాయి ఆయన చేతులతోనే పెట్టిండు. నేను మగ్గుతోని నీళ్ళు పోసిన. గింతంత ఉంటి అప్పుడు."

ఆయన అడిగింది ఒక్క మాటే, ఈ అరుగు ఎప్పటిదమ్మా అని. చాలా పాతదని చెబితే సరిపోయేది. కానీ నాయిన గుర్తొచ్చాడు. మేస్త్రీ పని చేసేవాడు. ఊరి నిండా గోడలు లేపాడు గానీ, ఆయన పోయాక ఇదీ ఆయన పని అని చేత్తో తట్టి చూపించుకోవడానికి మాకు మిగిలింది ఈ చబుత్రా ఒక్కటే. మా పాతబస్తీ జహనుమా గల్లీలో అరుగును అట్లాగే అంటాం.

"అంటే కొత్త కట్టడం," అని సారు రాసుకున్నాడు. రాసుకున్నాక అప్పుడు చెప్పాడు. పార్కు గోడ వెంట నడిచే బాట వేస్తారట, అందుకు గల్లీని వెడల్పు చేస్తారట. పాత దేవిడీకి, అంటే నవాబుల కాలపు బంగళాకి, చెందినవాటిని ముట్టుకోరట. తర్వాత ఎవరికి వారు కట్టుకున్నవన్నీ తీసేస్తారట.

"అయ్యో సారూ, ముందుగాల చెప్పాలె గదా గీ మాట!"

"ముందుగాల చెప్తే గల్లీ అంత పాతదే అంటరమ్మా," అని నవ్వాడు. "ఏమన్న ఉంటే రేపు పొద్దుగాల ఆఫీసుకు రా. తర్వాత లిస్టు పైకి పోతది."

ఆయన పక్కింటి ముందుకు పోయాడు. నేను కుట్టు మిషన్ ముందు కూలబడ్డాను. ఆ మిషన్ ఉండేది చబుత్రా మీదే. లోపల పెడదామంటే మా ఇంటికి కిటికీ లేదు. పట్టపగలు కూడా సూదిలోకి దారం ఎక్కదు. చబుత్రా పోతే నా కుట్టుపని పోయినట్టే.

ఇంటికి కిటికీ ఎందుకు లేదంటే, అసలు ఇది ఇల్లు కాదట. పక్కింటావిడ చెబుతుంది, పిన్ని వరసగా ఖాలా అని పిలుస్తాం. ఒకప్పుడు ఇక్కడంతా ఒకటే పెద్ద దేవిడీ, ఇప్పటి పార్కు దాని తోట, మేముండే వరుస గుర్రాల కొట్టం. అది నిజమో కాదో గానీ మా గుమ్మం మాత్రం విచిత్రంగా ఉంటుంది. పెద్ద కమాను ఒకటి, దాని నడిమధ్యలో అడ్డగోడ. సగం కమాను మా ఇల్లు, సగం ఖాలా ఇల్లు. కొత్తగా వచ్చినవాళ్ళు మా తలుపు చూసి, ఇదేంది, వంకరగా కట్టిండ్రు అంటారు. రెండిళ్ళ ముందూ ఒకటే చబుత్రా.

ఖాలా బయటికి వచ్చి అంతా విన్నది.

"అరె పాగల్, నీ మిషన్ కన్న నీ నోరు జోరుగ నడుస్తది. గట్లెట్ల చెప్పినవ్ బేటీ? గుర్రమెక్కెటందుకు కట్టిన చబుత్రా ఇది. మా అత్త చెప్పేది."

"నువ్వు చూసినవా ఖాలా?"

"నేనెట్ల చూస్త? నేనేమన్న గుర్రమా?"

అమ్మను అడిగాను. అమ్మ బియ్యం చేట పక్కన పెట్టింది. "నేను పెండ్లయి వచ్చిననాడు గీడనే నిలవెట్టి హారతిచ్చిండ్రు."

"అంటే అప్పటికే ఉండెనా?"

"ఉండె. లేకుంటే మెట్లుండెనా? ఏమో బిడ్డా, తల వంచుకొని ఉంటి. నా కాళ్ళ పసుపు తప్ప ఇంకోటి చూడలే."

ఇక నాకు ఏదీ అర్థం కాలేదు. అమ్మ పెళ్ళినాటికే చబుత్రా ఉంటే, నేను నీళ్ళు పోస్తుంటే నాయిన కట్టింది ఏమిటి? ఆ మగ్గు రంగు కూడా నాకు గుర్తుంది. తడి సిమెంటు మీద చెయ్యి పెట్టానని ఆయన కసిరింది గుర్తుంది. అది కలైతే కాదు.

లోపలికి వెళ్ళి నాయిన తాపీ వెతికి తెచ్చి, చబుత్రా అంచున గీకడం మొదలుపెట్టాను. మాకు ఒక పద్ధతి ఉంది. ఒక ఏడాది బోనాలకు మేము పసుపు రంగు వేస్తాం, తర్వాతి ఏడాది రంజాన్ ముందు ఖాలా వాళ్ళు ఆకుపచ్చ వేస్తారు. ఎవరి వంతు వస్తే వాళ్ళు మొత్తానికీ వేయాలి. మీ సగం, మా సగం అని లేదు. పాత రంగు గీకే ఓపిక ఎవరికీ లేదు గనుక ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంది.

ముందు ఖాలా వైపు గీకాను. పసుపు, ఆకుపచ్చ, మళ్ళీ పసుపు, మళ్ళీ ఆకుపచ్చ. చాలా పొరల కింద, గుడ్డు పెంకులా నున్నగా, గట్టిగా తెల్లటి పాతకాలపు సున్నపు గచ్చు. మా వైపు గీకితే కొన్ని పొరలకే బూడిదరంగు సిమెంటు వచ్చేసింది. ఒకటే చబుత్రా, సగం పాతది, సగం కొత్తదా? ఖాలా కళ్ళజోడు పెట్టుకుని వంగింది.

"నువ్వూ కరెక్టే, నేనూ కరెక్టే. ఇగ చాయ్ తాగుదాం."

"ఆగు ఖాలా!"

మూల దగ్గర సిమెంటు బోలుగా మోగింది. తాపీ మొన దూర్చి లేపితే అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని కింద మళ్ళీ ఆకుపచ్చ. దాని కింద పసుపు. ఇంకా గీకితే అదే తెల్లటి గచ్చు.

నాయిన దీన్ని కట్టలేదు. పగిలిన చోట పైన సిమెంటు పూశాడు, అంతే. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. చబుత్రా దక్కాలంటే, ఇది మా నాయిన కట్టలేదు సారూ అని నా నోటితో నేనే చెప్పాలి. అమ్మ ఆ పెచ్చు తీసుకుని కొంగుతో దుమ్ము తుడిచింది. తిరిగి నా చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున దాన్ని జాకెట్టు గుడ్డ ముక్కలో చుట్టుకుని ఆఫీసుకు వెళ్ళాను. సిమెంటు వెనక అంటుకున్న పాత రంగు చూపించి, దాని కింద గచ్చుందని చెప్పాను. సారు అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. నిన్నటి కాగితంలో కొత్త కట్టడం అన్న మాట మీద అడ్డగీత కొట్టి, పాతది అని రాశాడు.

"నిన్న మీ నాయిన కట్టిండంటివి గదమ్మా?"

"కట్టలే సారూ. పగిలితే బాగు చేసిండు. అది గూడ రాయుండ్రి."

"దానికి ఈ కాగితంల గడి లేదమ్మా."

"పక్కన జాగ ఉంది గదా సారూ," అని వేలు పెట్టి చూపించాను. ఆయన రాసేదాకా వేలు తీయలేదు.