గోటికి దొరకనిది

బోధన్‌లో ఆయిలింజన్లు విప్పి బిగించే షౌకత్ తొమ్మిది గోళ్లూ మొదలంటా కత్తిరిస్తాడు, కుడి బొటనవేలి గోరు మాత్రం పెంచుతాడు. పిస్టన్ ఆడే గొట్టం, అరిగిన లైనరు లోపల ఆ గోటిని మెల్లగా కిందికి దింపుతూ కళ్లు మూసుకుంటాడు. ఎక్కడైనా గోరు చిక్కుకుందా, ఆ లైనరు పాత ఇనుములోకే. విప్పిన సామానంతా కిరసనాయిలుతో కడిగి గోనెపట్టా మీద ఎండలో పరుస్తాడు. దానిమీద చెప్పుకాలు పెడితే ఎంతటివాడినైనా తిడతాడు. కందకుర్తి నుంచి బండి మీద ఇంజన్ తెచ్చిన ఏసుదానం పొద్దున్నే ఆ తిట్లు తిని నవ్వేశాడు. అవతల నీళ్లు లేక అతని చెరకు ఎండుతోంది.

“గీ పిష్టను అరిగింది గదా షౌకత్ భాయ్, పారేద్దమా?”

“అరుగుడు తప్పు కాదన్నా. సమంగ అరిగింది. ఇంకా నాలుగేండ్లు ఉరుకుతది.”

తర్వాత పిస్టన్‌ను ఇరుసుకు కలిపే, కొత్తదానిలా నిగనిగలాడే కనెక్టింగ్ రాడ్డును కిరసనాయిల్లో నానబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, సున్నప్పొడి చల్లాడు. సుత్తితో చిన్నగా తట్టి, చాయ్ తాగుతూ కూర్చున్నాడు. చాయ్ అయ్యేలోపు ఆ తెల్లటి పొడి మీద వెంట్రుకంత తడిగీత దానంతటదే మొలిచింది. గోటికి కూడా దొరకని పగులు తాగిన కిరసనాయిలు అది.

“సూసినవా? గిది ఇరిగిననాడు ఇంజన్ పగిలి నీ మీదికే వస్తుండె. నా దగ్గర ఇంకోటున్నది, పొద్దుగూకేవరకు బిగిస్త.”

రోజూ ఆ రాడ్డుకు మూరెడు దూరంలో నిలబడి హ్యాండిల్ తిప్పిన ఏసుదానం గీతను దగ్గరగా చూద్దామని లేచాడు. గోనెపట్టా అంచున ఆగి, చర్చి గుమ్మం ముందు విడిచినట్టు చెప్పులు విడిచాడు.