రిక్రూటింగ్ ఆఫీసు గుమ్మంలో

ఇరాక్ యుద్ధం మొదలైన కొత్తలో మేం నేపర్‌విల్‌లో ఉండేవాళ్ళం. మా పక్కింట్లో రిటైరైన మ్యూజిక్ టీచరు ఒకాయన ఉండేవారు. ఆయన్ని మాస్టారని పిలవడం నాకు అలవాటు. వయసులో ఉండగా వియత్నాం యుద్ధానికి రమ్మని ప్రభుత్వం పిలిస్తే, చంపడం నావల్ల కాదని చెప్పి జైలుకు వెళ్ళిన మనిషి.

ఒక శనివారం పొద్దున ఆయన భార్య మా తలుపు తట్టింది. షాపింగ్ సెంటర్‌లోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు గుమ్మానికి అడ్డంగా మాస్టారూ, స్నేహితులూ కూర్చున్నారట. కంటి ఆపరేషనై ఆవిడ డ్రైవ్ చేయలేకపోతోంది.

"మనం హెచ్-వన్ వీసా మీద ఉన్నాం. పోలీసులొస్తారు, కార్ దిగకు," అన్నారు మా ఆయన.

దారిలో ఆవిడ అంది: "అప్పుడు కుర్రాళ్ళని బలవంతాన సైన్యంలోకి లాక్కెళ్ళేవారు. ఇప్పుడు కాలేజీ ఫీజు కడతామని తీసుకెళ్తున్నారు. ఆయనకి రెండూ ఒకటే."

మేం వెళ్ళేసరికి అక్కడున్న సైనికోద్యోగి, ముప్పై కూడా నిండని వాడు, మాస్టారి ముందు వంగి మాట్లాడుతున్నాడు.

"సార్, లేవండి. నా పని చేసుకోనివ్వండి."

"నీ మీద కోపం లేదు. కానీ లేవను."

పోలీసులొచ్చారు. చలిలో అంతసేపు కూర్చోవడంతో మాస్టారి మోకాళ్ళు పట్టేశాయి. చివరికి ఆ సైనికోద్యోగే చంకల కింద చేతులేసి లేపాడు. మాస్టారు అతనికి థాంక్స్ చెప్పి, బేడీల కోసం పోలీసులకు చేతులందించారు. అప్పటికి నేను కార్ దిగి ఆవిడ పక్కన నిలబడి ఉన్నాను.

స్టేషన్లో మాకంటే ముందే ఒక పెద్దాయన వచ్చి కూర్చుని ఉన్నాడు.

"మా మరిది," అంది ఆవిడ. "వియత్నాంలో యుద్ధం చేసొచ్చాడు. అన్నదమ్ములు చాలా ఏళ్ళు మాట్లాడుకోలేదు."

సాయంత్రానికి మాస్టారిని వదిలారు. తమ్ముడు లేచి ఎదురెళ్ళాడు.

"అప్పుడు నువ్వు చేసిందీ తప్పే. ఇవాళ చేసిందీ తప్పే."

"నువ్వలా అంటావని తెలుసు."

"మోకాళ్ళెలా ఉన్నాయి?"

"నొప్పిగా ఉన్నాయి."

తమ్ముడు భుజం అందించాడు. ఇద్దరూ మెల్లగా మెట్లు దిగుతుంటే ఆవిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

కోర్టు మాస్టారికి పార్కుల్లో చెత్త ఏరే శిక్ష వేసింది. వేసవంతా తమ్ముడే వచ్చి దింపేవాడు. కార్లో కూడా వాదించుకునేవారట. మేం ఆ ఊరు వదిలేనాటికి యుద్ధం ఇంకా ఆగలేదు.