పిలుస్తాడనుకుని నడిచిన నడక

ఆ రోజుల్లో మా కొట్టుకొచ్చిన మనిషి మొదట చెప్పిన ధరకే సరేననేసి పొట్లం కట్టించుకుని వెళ్లిపోతే మాకు ఆనందం కాదు, దిగులు పట్టుకునేది. ఇంకాస్త ఎక్కువ చెప్పాల్సిందేమోనని నాన్న అన్నం దగ్గర కూడా అదే తలుచుకుని నొచ్చుకునేవారు. రాజోలు బజారులో బట్టల కొట్టు అరుగు మీద పెరిగినదాన్ని కాబట్టి నాకు మాటలకంటే ముందు బేరం వచ్చిందని అమ్మ అంటుండేది. చివరికి ప్రార్థనలో కూడా నేను బేరమే ఆడేదాన్ని. ఇంటర్ లెక్కల పరీక్ష గట్టెక్కిస్తే నెల్లాళ్లు టీవీ చూడనని మొదలుపెట్టి, ఆమెన్ అనేలోపల పదిహేను రోజులకి దింపి, అందులోంచి ఆదివారం సినిమా మినహాయించుకునేదాన్ని. (దేవుడు పాస్ చేయించాడు. నేనే మాట తప్పి టీవీ చూసేశాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు, పెద్దమనిషి.)

రోడ్డుకి ఇటు నాన్న కొట్టు, సరిగ్గా ఎదురుగా అటు పెదనాన్న కొట్టు. రెండూ బట్టల కొట్లే అయినా పోటీ ఉండేది కాదు. మా దగ్గర బేరం కుదరక ఎవరైనా రోడ్డు దాటుతున్నారనుకోండి, నాన్న చెవి మీద పెన్సిలు పెట్టుకునేవారు. అది చూసి పెదనాన్న అదే రకం చీరకి మాకంటే ఎక్కువ చెప్పేవారు. మనిషి మళ్లీ మా మెట్లే ఎక్కేది. మర్నాడు పెన్సిలు పెదనాన్న చెవి మీదుండేది. (దీన్ని మీరు మోసమంటారేమో. మేం అన్నదమ్ముల ఐకమత్యం అనేవాళ్లం.) ఇద్దరికీ వ్యాపారం నేర్పింది మా తాతగారు. ఆయన నేర్పినవాటిలో అన్నిటికన్నా గొప్పది, మెట్లు దిగి వెళ్లిపోయే మనిషి నడకని చదవడం. విసవిసా వెళ్తుంటే ఇక రాదు, వెంటనే వెనక్కి పిలవాలి. చెప్పు సరిచేసుకుంటూ, కొంగు సర్దుకుంటూ నిదానంగా వెళ్తుంటే పిలవకూడదు, తనంతట తనే తిరిగొస్తుంది. పిలిస్తే మనం దిగినట్టు. ఇదీ సూత్రం. నేను చూసినంతలో ఈ సూత్రం ఒక్కసారే తప్పింది.

పెద్ద తుఫాను వచ్చి వెళ్లిన మరుసటేడు నాకు బాప్తిస్మం ఇచ్చారు. అప్పుడు డిగ్రీ చదువుతూ, కాలేజీ లేనప్పుడు కొట్లో కూర్చునేదాన్ని. అంచు లేని తెల్ల చీర కట్టుకుని రమ్మని పాస్టరుగారి భార్య ముందే చెప్పారు. నాన్న ఊరుకుంటేనా! "అంచు లేకుండా ఏం బావుంటాదండీ, మా అమ్మాయి బాప్తిస్మమాయె. ఎర్రంచు పెడతానండి. గ్యారంటీ కలరండి, పదేళ్లు ఉతికినా చుక్క పోదండి" అని తనే ఏరి మరీ తెచ్చారు. కాలవలో నడుములోతు నీళ్లలో పాస్టరుగారు నన్ను ముంచి లేపారు. లేచి చూద్దును కదా, నా చుట్టూ నీళ్లు గులాబీరంగులో తిరుగుతున్నాయి. గట్టు మీద పాట ఆగిపోయింది. ఒక మామ్మగారు "ఓరి నాయనో, పిల్లకి ఏదో తెగిందర్రా!" అని కేక వేశారు. నా తర్వాత మునగాల్సిన ఆయన దిగిన మెట్టు మళ్లీ ఎక్కేశాడు. అప్పుడు గట్టు మీంచి మా పెదనాన్న గొంతు ఖంగుమంది.

"ఆయ్, కంగారు పడకండర్రా! అది మా తమ్ముడి గ్యారంటీ కలరండి!"

సంఘమంతా విరగబడి నవ్వింది. పాస్టరుగారు నీళ్లలో నిలబడి పెదవి బిగపట్టుకుని చూసి చూసి ఆయనా నవ్వేశారు. నేనూ నవ్వాను. నవ్వనిది నాన్న ఒక్కరే. బట్టల కొట్టువాణ్ణి ఏమన్నా పడతాడు కానీ, రంగు పోయిందంటే పడడు. పైగా అన్నది ఎవరో కాదు, ఒక గిన్నెలో అన్నం తిన్నవాడు. ఆ మాట మాకంటే ముందే బజారుకి చేరింది. మర్నాటి నుంచి చీర విప్పితే చాలు, "ఇది కాలవ రంగు కాదు కదండీ?" అని ముసిముసిగా నవ్వేవాళ్లు. నాన్న పెన్సిలు జేబులో పెట్టుకున్నారు. పెదనాన్నతో మాట మానేశారు.

ఆ నెల గడిస్తే మొదటి ఆదివారం ప్రభువు బల్ల. బాప్తిస్మం అయ్యాక నేను మొదటిసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవాలి. నాన్న పక్కన నిలబడి తీసుకోవాలని నా కోరిక. అంతకు రెండురోజుల ముందు పాస్టరుగారు కొట్టుకొచ్చారు, అరుగు మీద కూర్చున్నారు, సోడా వద్దన్నారు. వద్దన్నారంటే విషయం గట్టిదేనని నాకు అర్థమైంది.

"అన్నయ్యగారి మీద కోపం పెట్టుకుని బల్ల దగ్గరికి ఎలా వస్తారండీ? ముందు వెళ్లి సమాధానపడండి."

"ఆయ్, తప్పకుండానండి. కానీ అన్నది ఆయన కదండీ. రావాల్సింది కూడా ఆయనే కదండీ."

"ఎవరు రావాలో నేను చెప్పలేదండి. మిమ్మల్ని వెళ్లమన్నాను" అని పాస్టరుగారు లేచి వెళ్లిపోయారు. ఆయన నడకలో చదవడానికి ఏమీ లేదు. మామూలుగా నడిచి వెళ్లారు.

నాన్న మాట విన్నారు. విన్నారనే అంటాను, మర్నాడు మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక ఇస్త్రీ చొక్కా వేసుకుని బయల్దేరారు కాబట్టి. "నువ్వు కూడా రామ్మా. ఇద్దరముంటే బేరం... అదే, మాట తేలికవుద్ది" అన్నారు. పెదనాన్న దగ్గరచూపు తగ్గిన కళ్లతో తలెత్తి, "రండి రండి, ఏం చూపించమంటారు?" అని, తీరా మమ్మల్ని పోల్చుకుని, "నువ్వా. కూర్చో" అన్నారు. లోపల గుమ్మం దగ్గర పెద్దమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ ఆగిపోయింది.

"నిన్ను క్షమించేసేను అన్నయ్యా" అన్నారు నాన్న, రొమ్ము విరుచుకుని.

"క్షమించేసేవా? నేనడిగేనా?"

"పోనీ అడుగు. అడిగితే ఇచ్చేస్తాను."

"సరదాకి అన్నదానికి అంత అడగాలంటే ఎక్కువరా. నువ్వూ నవ్వేయి, నేనూ నవ్వేస్తాను. సరి."

"ఊరందరి ముందూ అన్నావు. రేపు చర్చిలో అందరి ముందూ అడగాలి."

"చాలా చెప్తున్నావురా! ఇదిగో, మీ వదిన ముందు, అమ్మాయి ముందు. ఇంకో మెట్టు దిగమన్నా దిగను."

"పాస్టరుగారి ముందైనా అడగాలి."

పెదనాన్న గడ్డం గోక్కున్నారు. "పాస్టరుగారింట్లో అయితే చూద్దాం. కానీ నువ్వూ ఒకటి ఒప్పుకోవాలి మరి. రంగు పోయిందని."

ఇక్కడ నేను కల్పించుకున్నాను. "ఇద్దరూ ఒకేసారి అనేయండి పెదనాన్నా. ఎవరు ముందన్నారో దేవుడికి తప్ప తెలీదు." అన్నదమ్ములిద్దరూ నన్ను చూసి, ఒక్క క్షణం తగువు మర్చిపోయి, మా వంశానికి ఢోకా లేదన్నట్టు తలలూపారు. గుమ్మంలోంచి పెద్దమ్మ మాత్రం, "క్షమాపణలకి కూడా గీసి గీసి బేరమేంటండీ! దేవుడికి తెలిస్తే మీ ఇద్దర్నీ కొలబద్దతో కొడతాడు" అంది. పని అయిపోవచ్చిందని నాకు అనిపించింది. కానీ ఆ ఒక్క మాట దగ్గర ముడి పడింది.

"రంగు పోలేదన్నయ్యా. కాలవకి ఉప్పునీళ్లు ఎగదన్నేయి. ఉప్పుకి ఏ రంగైనా వదులుద్ది."

"ఉప్పు కాలవలో ఉందా, నీ నాలిక మీదుందా?"

నాన్న లేచారు. "అయితే నాకక్కర్లేదు" అన్నారు, సరిగ్గా చీర బల్ల మీద పడేసి లేచే ఆడమనిషిలాగే. మెట్లు దిగుతూ నా చెయ్యి పట్టుకుని గొంతు తగ్గించి, "మెల్లిగా నడువమ్మా. పిలుస్తాడు" అన్నారు.

మేం నడిచాం. అంత చిన్న రోడ్డుని అంతసేపు ఎవరూ దాటి ఉండరు. నాన్న ఆగి చెప్పు దులుపుకున్నారు. కొబ్బరికాయల లారీ ఎంతో దూరంలో ఉన్నా దానికి దారిచ్చి నిలబడ్డారు. సోడాబండి ఆయన కుశలం అడిగారు, ఆయన పిల్లల కుశలం అడిగారు, గేదె ఈనిందా అని కూడా అడిగారు. వెనక్కి మాత్రం చూడలేదు, చూస్తే దిగినట్టు. పిలుపు రాలేదు. మా మెట్లు వచ్చేశాయి. ఎక్కక తప్పలేదు.

తర్వాత పెద్దమ్మ అమ్మతో చెప్పుకుని ఏడ్చింది. మేం మెట్లు దిగగానే పెద్దమ్మ "పిలవండి" అందట. పెదనాన్న నవ్వి, "మెల్లిగా నడుస్తన్నాడు చూడవే. వచ్చేస్తాడులే" అన్నారట. కుర్చీ దులిపి పెట్టించి, రెండు సోడాలు కూడా తెప్పించారట. అవి అలాగే ఉండిపోయాయి. ఒకే తండ్రి దగ్గర ఒకే పాఠం నేర్చుకున్నవాళ్లు కదా, ఒకాయన కొనేవాడి వాటా అప్పజెప్పారు, ఇంకొకాయన అమ్మేవాడి వాటా. ఇద్దరికీ నూటికి నూరు వచ్చాయి.

ఆ ఆదివారం నేను బల్ల దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. నాన్న ఆఖరి బెంచీ మీద ఈ చివర కూర్చుండిపోయారు. ఆ చివర పెదనాన్న. లేచి ముందుకు రావడానికి ఎవరూ అడ్డుపెట్టలేదు, అడిగేవాళ్లూ లేరు. అయినా ఇద్దరూ కదల్లేదు. బజారులో ఎన్ని పెన్సిళ్లు పెట్టారో కానీ దేవుడి దగ్గర మాత్రం ఇద్దరూ దొంగ సరుకు పరచలేదు. ప్రతి నెలా అదే వరస. క్రిస్మస్‌కి అరిసెలు, జంతికలు పెరటిదారిన అటూ ఇటూ తిరిగాయి కానీ అన్నదమ్ములు తిరగలేదు. సాయంత్రాలు దీపాలు పెట్టే వేళ నాన్న ఎదుటి కొట్టు వైపు చూస్తూ, "ఈ పండక్కి పిలుస్తాడులే" అనేవారు. అటు కూడా అదే మాట నడుస్తోందని పెద్దమ్మ చెబుతుండేది.

వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే పెదనాన్న కొట్టు తలుపు తీస్తూ తీస్తూ అలా ఒరిగిపోయారు. నాన్న అప్పుడే మా అరుగు కడిగిస్తున్నారు. చెప్పుల్లేకుండా రోడ్డుకి అడ్డంపడి పరుగెత్తారు. బస్సు డ్రైవరు బ్రేకు తొక్కి బూతులు తిడుతున్నా ఆగలేదు. ఆటోలో అమలాపురం ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేను ముందు డ్రైవరు పక్కన. వెనక అన్న తల ఒళ్లో పెట్టుకుని నాన్న ఏకధాటిగా చెప్పుకుపోతున్నారు. "తప్పు నాదే అన్నయ్యా. రంగు పోయింది. నువ్వన్నది నిజం. చర్చిలో అక్కర్లేదు, పాస్టరుగారింట్లో అక్కర్లేదు, ఎక్కడా ఏమీ అనక్కర్లేదు నువ్వు. నన్ను క్షమించు." ధర తగ్గించమనకుండా నాన్న ఏదైనా తీసుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

పెదనాన్న బతికారు. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఇంటికి తెచ్చాక పాస్టరుగారు రొట్టె, ద్రాక్షరసం మంచం దగ్గరికే తీసుకొచ్చారు. గిన్నె పెదనాన్న నోటికి నాన్నే అందించారు, తర్వాత తనూ తీసుకున్నారు. నేను కోరుకున్నట్టే నాన్న పక్కన నిలబడి తీసుకున్నాను. అంతా అయ్యాక పెదనాన్న ఎడమచేత్తో నాన్న మణికట్టు పట్టుకుని ఏదో చెప్పబోయారు. నాలుక తిరగలేదు. నాన్న కంగారుగా, "మందా? నీళ్లా? వదిన్ని పిలవమంటావా? కొట్టు సంగతా?" అని వరసగా అడిగారు. అన్నిటికీ కాదని తల అడ్డంగా ఊపారు. మళ్లీ ప్రయత్నించారు. కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ మాట రాలేదు. పాస్టరుగారు తల వంచుకున్నారు. "పోనీలే అన్నయ్యా, నాకు తెలిసింది" అన్నారు నాన్న. తెలియలేదని నాకు తెలుసు.

ఆ తర్వాత పెదనాన్న ఉన్నంతకాలం నాన్న రోజూ సాయంత్రం వెళ్లి మంచం పక్కన కూర్చుని బజారు కబుర్లు చెప్పేవారు. చెబుతూ చెబుతూ ఆగేవారు, అన్నగారు ఏదో అనడానికి కాస్త చోటు వదిలినట్టు. పెదనాన్న పోయాక కూడా నన్ను అడుగుతుండేవారు, "ఏం చెప్పాలనుకున్నాడంటావమ్మా ఆ రోజు?" అని. నేను నోటికొచ్చిన తీయని మాటేదో అల్లి చెబితే వినేవారు, నమ్మేవారు కాదు. "పాస్టరుగారు వెళ్లమన్నారమ్మా. అంతే అన్నారు. నేను వెళ్లి కొనడానికి కూర్చున్నాను" అనేవారు.

ఇప్పుడు నా బేరాలు ఏమీ తగ్గలేదు. రావులపాలెంలో అరటిగెల దగ్గర నేను నోరు తెరిస్తే అమ్మేవాళ్లు తలపట్టుకుంటారు. ఒక్క మావారితో మాట పట్టింపు వచ్చినప్పుడే నాకు చేతకాదు. తప్పెవరిదో తేలకముందే, ఒక్కోసారి ఆయనదేనని తెలిసి కూడా, పొయ్యి మీద కూర మాడనిచ్చి మరీ వెళ్లి, "క్షమించండి" అనేస్తాను. ఆయన పేపరు దించి, పెళ్లయి ఇన్నేళ్లయినా అదే అనుమానంతో నన్ను ఎగాదిగా చూస్తారు.

"నువ్వు ఇంత తేలిగ్గా దిగేవంటే దీని వెనకాల ఏదో ఉంది. ఏం కొన్నావేంటి?"

ఏమీ లేదంటే నమ్మరు. మొన్న మరీ గుచ్చి గుచ్చి అడిగితే, విసిగిపోయి, పట్టుచీర కొన్నానని అబద్ధం చెప్పాను. "అలా చెప్పు మరి!" అని ఆయన హాయిగా నవ్వేసి, వెంటనే క్షమించేశారు.