బిడ్డకు గుండె లేదని చెప్పాను

ఆ రోజు దవాఖానలో డాక్టరమ్మ నా భార్యను ఒక మాట అడిగింది. నా భార్య జవాబు చెప్పింది. ఆ జవాబు నిజం కాదని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నేను నోరు విప్పలేదు. ఆ ఒక్క నిమిషాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇప్పుడు మోయలేకపోతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా భార్యను ఇక్కడ సుజాత అంటాను. అది ఆమె పేరు కాదు.

సుజాత నా మేనమామ కూతురు. మాది చేవెళ్ల పక్క ఊరు, వాళ్లది ముడిమ్యాల. ఆమె పుట్టిన రోజే మా అమ్మ ఒడిలోకి తీసుకుని "ఇది నా కోడలు" అన్నదట. మా ఇళ్లలో అది వింత కాదు. పిల్ల బయటికి పోదు, పొలం బయటికి పోదు. పెళ్లికి ముందు రక్తం పరీక్ష చేయించుకోవాలని మాకెవరూ చెప్పలేదు. చెప్పినా నవ్వి ఉండేవాళ్లం. మన రక్తం మనకు తెలియదా అని.

తెలియదు. మా ఇద్దరికీ ఒకే తాత. ఆయన నుంచి ఒకే లోపం మా ఇద్దరికీ వచ్చింది. మాలో అది జబ్బుగా బయటపడలేదు. మా కూతురిలో రెండు వైపుల నుంచీ వచ్చి కలిసింది. తలసీమియా అన్నారు. ఒంట్లో రక్తం సరిగా తయారుకాదు. మూడు నాలుగు వారాలకోసారి ఎక్కించాలి, బతికినంత కాలం.

గచ్చిబౌలి వైపు సాఫ్ట్‌వేర్ కంపెనీలు వరసగా లేస్తున్న రోజులవి. మొయినాబాద్‌లో కిరాయికి ఉండి అక్కడొక ఆఫీసుకు పోయివచ్చేవాణ్ని. పాపకు రక్తం ఎక్కించిన ప్రతిసారీ బదులుగా ఎవరో ఒకరితో ఇప్పించాలి. ఊళ్లో అందరి వంతూ అయిపోయాక ఆఫీసులో అడగడం మొదలుపెట్టాను. నేను క్యాంటీన్‌లోకి రాగానే మా టీములో ఒకడు "అరే, నెత్తురన్న వస్తున్నడు, చొక్కా చేతులు కిందికి దింపుకోండ్రి" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేవాణ్ని. అన్నవాడే తర్వాత వచ్చి రక్తం ఇచ్చిపోయేవాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ అడిగి అడిగి, ఎవరిని చూసినా ముందు అతని మోచేతి మడత దగ్గరి నరం కనిపించే మనిషినయ్యాను.

అప్పుడు పాపను చూసే డాక్టరు ఒక దారి చెప్పాడు. రెండో బిడ్డ ఆరోగ్యంగా పుట్టి, ఆ బిడ్డ ఎముకల్లోని మూలుగ పాపకు సరిపోతే, జబ్బు పూర్తిగా నయం కావచ్చు. కడుపులో ఉండగానే బిడ్డకు ఈ జబ్బు ఉన్నదీ లేనిదీ పరీక్షలో తెలుస్తుంది.

సుజాత మళ్లీ నెల తప్పింది. ఇక్కడ ఇంకొకటి ఒప్పుకోవాలి. ఆ బిడ్డను నేను బిడ్డగా కోరుకున్నానా? పుట్టబోయే ముఖం ఎట్లా ఉంటుందని ఒక్కసారైనా అనుకున్నానా? గుర్తు లేదు. నాకు కావలసింది మందు. ఆ మందు నా భార్య కడుపులో తయారవుతోంది. అంతే.

పరీక్ష సంగతి చెప్పినప్పుడు సుజాత పాపకు జడ వేస్తోంది.

"టెస్టెందుకు బావ? దీని లెక్కనే ఉంటే ఉండనియ్యి. ఇద్దర్ని ఒక్కటే ఆటోల ఏసుకొని పోత. ఒకదానికి ఎక్కిచ్చెదాంక ఇంకోటి మంచం మీద ఆడుకుంటది."

"చేయిస్తే ఫికర్ ఉండదు కదా," అన్నాను.

"ఫికర్ నీకు. నాకు లేదు," అంది నవ్వుతూ. అయినా వచ్చింది. బావ రమ్మన్నాడు కనుక వచ్చింది. చిన్నప్పుడు వాగు దాటేటప్పుడు నా చేయి పట్టుకుని కళ్లు మూసుకునేది. భర్తనయ్యాక కూడా ఆమెకు నేను ముందు బావనే. నేను ఒకటి చెబితే ఇంకొకరిని అడగడం ఆమెకు తెలియదు.

ఫలితం నాకు ఫోన్‌లో చెప్పారు. ఈ బిడ్డకూ అదే జబ్బు. ఫోన్‌లోని ఆమె నెమ్మదిగా, ఓపికగా అన్నీ చెప్పింది. ఉంచుకోవచ్చు, వద్దనుకోవచ్చు, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి, ఏ నిర్ణయమైనా మీ ఇద్దరిదీ, మీ భార్యది ముఖ్యంగా. నేను సరే సరే అన్నాను. ఇద్దరం కూర్చుంటే సుజాత ఏమంటుందో నాకు తెలుసు. ఆటో మాట అంటుంది. మొయినాబాద్ చౌరస్తాలో బస్సు దిగి ఇంటిదాకా నడిచేలోపు అబద్ధం తయారైంది.

"బిడ్డకు గుండె సరిగ తయారు కాలేదట," అన్నాను. "పుట్టినా బతకదట."

ఆమె గోడకానుకుని కూర్చుంది. పాప జబ్బు కాదు కదా అని అడిగింది. కాదు, ఇది వేరే అన్నాను.

తీయించడానికి పోయిన దవాఖానలో డాక్టరమ్మను పక్కకు పిలిచి, నా భార్య బాగా భయస్తురాలు, అన్నీ నేను వివరంగా చెప్పాను, మళ్లీ ఆ మాటలెత్తితే తట్టుకోలేదు అని బతిమాలాను. అయినా ఆమె సుజాతను అడిగింది.

"చూడమ్మా, మీ ఆయన నీకు అంతా చెప్పిండా? నీకు సమ్మతమేనా?"

"బావ అంత చెప్పిండు మేడం. ఇంకేం జేస్తం, అది రాసిపెట్టి లేదు."

డాక్టరమ్మ నా వైపు చూసింది. అనుమానంతో కాదు. ఊరికే, మీరేమైనా అంటారా అన్నట్టు. నేను తల ఊపాను. సుజాత సంతకం చేసింది.

తీయించడమే పాపమని నేను అనడం లేదు. అది నాకు ఈనాటికీ తేలలేదు. ఆ దవాఖాన బెంచీల మీద తలలు దగ్గరపెట్టుకుని, మాట్లాడి, ఏడ్చి, చివరికి ఒక మాట మీదికి వచ్చిన ఆలుమగలను చూశాను. కొందరు ఉంచుకున్నారు, కొందరు వద్దనుకున్నారు. వాళ్ల వైపు వేలు చూపే అర్హత నాకు లేదు. వాళ్లలో ఇద్దరున్నారు. మా ఇంట్లో నేనొక్కణ్నే. పోనీ, పాప పడే బాధ ఇంకొకరు పడొద్దని చేశానా? ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అందులో కొంత నిజం ఉందేమో. కానీ ఫోన్ పెట్టేసిన క్షణంలో నా మనసులోకి వచ్చింది బిడ్డ బాధ కాదు. ఇంకొకరి కోసం కూడా క్యాంటీన్‌లో అడుక్కోవాలా అన్నది.

తర్వాత జరిగింది నేను ఊహించలేదు. ఊహించాల్సింది. ఏడాది గడిచాక మళ్లీ ప్రయత్నిద్దామన్నాను.

"నాకొద్దు బావ," అంది సుజాత. "ఒకదానికి నెత్తురు లేకపాయె, ఇంకోదానికి గుండెనే లేకపాయె. మన నెత్తురే మంచిగ లేదు. ఇంక నేను కనను."

జబ్బు లేని బిడ్డ పుట్టే అవకాశమే ఎక్కువ అని డాక్టరు నాకు చెప్పి ఉన్నాడు. ఆ మాట ఆమెకు చెప్పాలంటే ముందు గుండె మాట అబద్ధమని చెప్పాలి. చెప్పలేదు. అట్లా పాపకున్న ఆ ఒక్క దారీ నా చేతులతోనే మూసుకుపోయింది.

పాప ఇప్పుడు పెద్దదైంది. డిగ్రీ చదివింది. ఎక్కించిన రక్తంలోని ఇనుము గుండెలో పేరుకుంటోంది. డాక్టర్లు ఈమధ్య మా ముందు తక్కువ మాట్లాడుతున్నారు. ఓపిక ఉన్న రోజుల్లో ఆమె తనలాంటి పిల్లలతో కలిసి కాలేజీలకు పోయి, పెళ్లికి ముందే రక్తం పరీక్ష చేయించుకోండని చెబుతుంది. మొన్న అట్లా పోయివచ్చి, అన్నం తింటూ అడిగింది.

"డాడీ, నేను కడుపుల ఉన్నప్పుడే తెలిసి ఉంటే నన్ను ఉంచుకునేటోళ్లా మీరు?"

నాకంటే ముందే సుజాత అందుకుంది. "పిచ్చి మొకమా, ఎందుకుంచుకోం? చెప్పు బావ."

"ఉంచుకునేటోళ్లమే," అన్నాను. పాప నన్ను చూసి నవ్వింది.

తెల్లవారి ముడిమ్యాలకు పోయాం. సుజాత వాళ్ల తమ్ముడి చామంతి తోటలో పూలు తెంపుతోంది. వెనకనే నిలబడి అన్నాను.

"సుజాత, అప్పటి బిడ్డకు గుండె మంచిగనే ఉండె."

ఆమె చేయి ఆగలేదు. "ఏ బిడ్డకు?"

అంతా చెప్పాను. మీకు చెప్పినట్టే, మందు మాట కూడా దాచకుండా. ఆమె పూల గంప కింద పెట్టింది.

"దీని లెక్కనేనా?"

"ఆ."

"నడుస్తుండెనా?"

"నడుస్తుండె."

"బడికి పోతుండెనా?"

"పోతుండె."

అప్పుడు అంది. "నా కడుపుల నెత్తురు మంచిది కాదని ఇన్నేండ్లు నన్ను నేనే తిట్టుకున్న బావ. నువ్వు పక్కనే పండుకొని ఇన్నవు." నా వైపు తిరిగి, "పిల్ల ముందట ఈ మాట ఎత్తినవంటే నా పీనుగను చూస్తవు," అంది.

ఎత్తను. ఎత్తితే పాపకు తను అడిగినదానికి నా అసలు జవాబు దొరుకుతుంది. పాపకు చెప్పాల్సింది పాపకు చెప్పలేక మీకు రాస్తున్నాను. దీనివల్ల ఎవరికీ ఏదీ తిరిగిరాదు. సుజాత ఇప్పుడు నాతో పని మీద మాత్రమే మాట్లాడుతుంది. బావ అనడం మానేసింది. అయినా ఆ మాట నా లోపల లేదు, బయటికి వచ్చింది. నాకు మిగిలింది అదొక్కటే.

ఆ రోజు ఆమె గంప ఎత్తుకుని పక్క సాలుకు పోతుంటే, ఆమె వీపు చూస్తూనే అన్నాను.

"నిన్ను అడగకపోయిన సుజాత. అడిగితే ఏమంటవో తెలిసే అడగలె. మాఫ్ చెయ్యి."